టార్గెట్ షిప్

మధ్యాహ్నం మూడున్నర. సరిగ్గా నాలుగింటికి బాలమురళి పేరు విదేశీ ముఠా చేతికి చేరుతుంది. చేరితే అతను వారం బతకడు.

బాలమురళి ఆస్ట్రేలియాలో మాసన్ లేక్స్ అనే శివారులో, శబ్దంతో జలాంతర్గాముల జాడ పట్టే సోనార్ ఇంజనీరు. ఆ ముఠాకి ఫైళ్లు అమ్ముతున్నట్టు నటిస్తూ, వాళ్ల గుట్టు ఆస్ట్రేలియా నిఘా విభాగానికి చేరవేస్తున్నాడు. అతన్ని అమ్మబోతున్నది శ్రీలేఖ. పోయిన వారం దాకా నిఘా విభాగంలో ఏజెంట్ ఎబెన్ పక్క సీటు ఆమెదే.

ముఠా కోడ్‌బుక్ ఓ పాత అమెరికన్ యుద్ధనౌక సర్వీస్ హిస్టరీ, అంటే ఏ ఏడాది దానికేం జరిగిందో చెప్పే చిట్టా. సందేశంలో ఒక సంవత్సరం వస్తుంది. ఆ ఏడాది కింద ఉన్న మాటే కలుసుకునే చోటు. ఈసారి వచ్చింది 1943, ఇవాళ నాలుగింటికి. కానీ ఎబెన్ చేతిలోని కాగితం ప్రకారం ఓడ 1918లో కమిషనై సేవలో చేరి, 1922లో డీకమిషనై పక్కన పడి, 1930లో మళ్లీ కమిషనై, 1940లో నౌకాదళం జాబితా నుంచే పోయింది.

నాలుగు రోజులు తల పట్టుకున్నాక, ఈ ఉదయం ఓ రిటైర్డ్ నావికుడు ఫోన్‌లో నవ్వాడు. అమెరికా దాన్ని బ్రిటన్‌కిచ్చిందట. పేరు మార్చారట. 1943లో పైలట్ల ప్రాక్టీసుకి టార్గెట్ షిప్ చేశారట.

కాన్‌బెరా నుంచి బాస్ సువర్ణకుమారి ఒక్క మాటలో తేల్చేసింది. "టార్గెట్ అంటే బాలమురళే. ఇంటి చుట్టూ మనుషుల్ని పెట్టు."

"ఇంతవరకూ వచ్చినవన్నీ ప్లేసులే కదా, మేడమ్."

"ఆర్గ్యూ చెయ్యకు, ఎబెన్."

ఎనిమిది తుపాకులు ఇంటిని చుట్టుముట్టాయి. ఎబెన్ వంటింట్లో కూర్చుని పళ్లు నూరుకుంటున్నాడు.

బాలమురళికీ విసుగొచ్చింది. "బ్రదర్, ఒక్క అరగంట వదలండి. టార్గెట్‌కెళ్లి పాపకి స్కూల్ సాక్స్ తేవాలి. లేకపోతే వాళ్లకన్నా ముందు మా ఆవిడే నన్ను చంపుతుంది."

ఎబెన్ లేచి నిలబడ్డాడు. "ఎక్కడికెళ్లి?"

"టార్గెట్, అండీ. బట్టల షాపు."

ఇద్దరు మనుషుల్ని వెనకే రమ్మని, 'టార్గెట్ అంటే బట్టల షాపు' అని కాన్‌బెరాకి మెసేజ్ కొట్టి, ఎబెన్ కారు తీశాడు. దారిలో ప్రతి సిగ్నలూ ఎరుపే.

మూడు యాభై తొమ్మిది. లేడీస్ కోట్ల స్టాండు దగ్గర, నల్ల కళ్లద్దాల్లో శ్రీలేఖ ఒక కోటు జేబులో పెన్‌డ్రైవ్ జారవిడిచి పక్కకి తప్పుకుంది. టోపీవాడొకడు ఆ కోటుకి చెయ్యి చాచాడు. ఎబెన్ చెయ్యి ముందు పడింది.

"సారీ, మేట్. నా సైజు."

టోపీవాడు పరుగెత్తాడు. తలుపు దగ్గరే దొరికిపోయాడు. శ్రీలేఖ మాత్రం కదల్లేదు.

"నాలుగు రోజులు పట్టిందా, ఎబెన్?" అంది, బేడీలకి చేతులు చాపుతూ.

ఎబెన్ ఆమెకి బేడీలు వేశాడు. ఫోన్ తీసి కాన్‌బెరాకి మళ్లీ మెసేజ్ పెట్టాడు: టార్గెట్ సేఫ్.

వెంటనే సువర్ణకుమారి అడిగింది: "మనిషా, షాపా?"