ఈత వచ్చినవాడు

చిక్కడపల్లిలో డిటెక్టివ్ ప్రహ్లాద్ ఆఫీసుకు మాసమ్మ సిమెంటు అంటిన చేతులతోనే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. రిజర్వాయరులో ఆమె భర్త బాలప్ప నడిపే పడవ బోల్తాపడి, అన్నతో కలిసి అందులో ఎక్కిన అశోక్‌నగర్ కుర్రాడు అభిజిత్ చనిపోయాడు. బాలప్ప తాగి నడిపాడని పోలీసులు జైల్లో పెట్టారు.

"తాగుతడు సారూ, అబద్ధమెందుకు. గని పడవెక్కినంక ముట్టడు. ఆయన బయటికి రాకుంటే నేను, పిల్లలు ఏం గావాలె?" ఏడ్చి ఏడ్చి ఇక ఏడుపు రాని గొంతు అది.

ప్రహ్లాద్ జైలుకెళ్ళి బాలప్పను కలిశాడు. "తాగింది అన్నదమ్ములే సారూ. రెండో సీసా తీసిన్రు. నేను అటు మర్లి తెడ్డేస్తున్న. ఒక్కపారి పడవ ఒరిగింది" అన్నాడతను.

మర్నాడు మృతుడి అన్న ఉమాకాంత్ ఆఫీసుకు వచ్చాడు. బాలప్ప కాక బతికి బయటపడింది అతనొక్కడే.

"మా ఇంట్ల మందు ముట్టెటోళ్ళు లేరు సార్. పడవోడే తాగిండు. ఈదుకుంట ఒడ్డుకొచ్చినంక గూడ వాని అంగీ గుప్పున వాసన కొట్టింది."

"మీ తమ్మునికి ఈత?"

"మంచిగ వచ్చు. ఎట్ల మునిగిండో సమజైతలేదు."

అసిస్టెంట్ నవనీత సోడా సీసా తెచ్చి ఇచ్చింది. ఉమాకాంత్ దాన్ని వంచి నేలమీద రెండు చుక్కలు వదిలి, తర్వాత తాగాడు. అప్పుడే తుడిపించిన నేల. నవనీత లోలోపలే విసుక్కుంటూ ఆ చుక్కల్ని తుడిచేసింది.

"రేపు మీ ఇంట్ల అందరం కూసుందాం" అన్నాడు ప్రహ్లాద్.

అశోక్‌నగర్ ఇంట్లో తల్లి విద్యావతి, ఉమాకాంత్, కేసు చూస్తున్న ఎస్సై కూర్చున్నారు. ప్రహ్లాద్ వెంట నవనీత కూడా వచ్చింది. మాసమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది.

"నీళ్ళల్ల ఈదొచ్చిన మనిషి అంగీకి మందు వాసన ఉంటదా ఉమాకాంత్ గారూ? ఆ వాసన మీ నోటిది" అన్నాడు ప్రహ్లాద్. "సీసా తియ్యంగనే భూమ్మీద రెండు చుక్కలు వదులుడు తాగెటోళ్ళ అలవాటు. ముట్టనన్న మీరు నిన్న సోడాకు గూడ అదే చేసిన్రు. పడవల భూమి లేదు. గంగమ్మకు వదులుదామని లేచి పక్కకు వంగిన్రు. అవునా?"

తాను విసుక్కుంటూ తుడిచేసింది సాక్ష్యమని నవనీతకు అప్పుడర్థమైంది. ఈయన ముందు తన కళ్ళు దండగ అనుకుంది.



"చిన్నోనికి ఈత వచ్చు గద సార్?" అంది విద్యావతి. పక్కింటి సంగతి అడుగుతున్నట్టుంది ఆ గొంతు.

"వచ్చమ్మా. తాగినంక చేతులు మాట వినవు. నీళ్ళల్ల పైకేదో, కిందికేదో తెల్వదు."

"వాడు వద్దన్నడమ్మా" అన్నాడు ఉమాకాంత్. "నేనే బలవంతంగ తాగిపిచ్చిన. నీకు మొఖం చూపెట్టలేకనే పడవోని మీద వెట్టిన."

విద్యావతి కంట తడి లేదు. గుమ్మంలోని మాసమ్మను చాలాసేపు చూసింది. ఆ తర్వాత మెల్లగా లేచి నిలబడింది.

"చెప్పులేసుకో ఉమా. పోయి ఈమె ఇంటాయనను ఇడిపిద్దాం."