ఒక్క డిగ్రీ తక్కువ

రెండు వేల ఎనభై ఒకటి, మే నెల. రెంటచింతలలో బయట యాభై మూడు డిగ్రీల ఎండ. ఇంట్లో హైమవతి శాలువా కప్పుకుని పక్కింటి కిటికీ వైపే చూస్తోంది.

"హైమా, ఇంకో రగ్గేమన్నా ఉందా?" ఆమె భర్త ప్రభాకరం వణుకుతూ అడిగాడు. "పళ్లు టకటకలాడుతున్నయ్."

"చల్లగా ఉన్నా ఏడుపేనా మీకు?" అని కసిరిందామె.

ఆ చల్లదనం ఆమె సృష్టే. పాతకాలపు ఏసీ చల్లదనాన్ని తయారు చేసేది కాదు. ఇంట్లో వేడిని మోసుకెళ్లి బయట పారబోసేది, అంతే. గొట్టంలోని శీతలద్రవం ఆవిరవుతూ గదిలో వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని గట్టిగా నొక్కితే, అది వేడిని వీధిలోకి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. హైమవతి ఆ వేడిని వీధిలోకి కాక భూమి లోతున తవ్విన 'ఉష్ణబావి'లోకి దించింది. మట్టి దాన్ని నెమ్మదిగా ఇంకించుకుంటుంది. దీన్నంతా నడిపే యంత్రబుద్ధికి 'చలువ' అని పేరు పెట్టింది.

మొదటి బావిని రెండిళ్లకు కలిపి తవ్వారు. ఒకటి హైమవతిది, రెండోది పక్కింట్లో ఉండే, గోడల్లో గొట్టాలు పరిచే పద్ధతి కనిపెట్టిన నీలవేణిది. ఈ వేసవిని బావి తట్టుకుంటే రాష్ట్రమంతటా తవ్విస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. పరీక్షించే బృందం ఈ మధ్యాహ్నమే వస్తోంది. పదిహేనేళ్ల కష్టం ఫలితం తేలే రోజు.

హైమవతి బాధ మాత్రం వేరే. పేపర్లో నీలవేణి ఫొటో వేసి, కింద 'చల్లని తల్లి' అని రాశారు.

"గొట్టాలు పరిచినావిడ తల్లయితే నేనెవర్ని, మంత్రసానినా?" అనుకుంది. ఆమెది అసూయే, ఇంకో మంచి పేరు పెట్టి లాభం లేదు. నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఆఖరికి చలువని పిలిచి, "మా ఇల్లు ఎప్పుడూ వాళ్లింటికన్నా ఒక్క డిగ్రీ తక్కువ ఉండాలి" అని ఆజ్ఞాపించింది.

"అలాగేనండి" అంది చలువ.

అప్పట్నుంచి ప్రాణం కుదుటపడింది. కిటికీలో నీలవేణి మంకీ టోపీతో కనిపిస్తే "అబ్బో, ఎంత నటన!" అని మూతి తిప్పుకునేది.

బృందం రావడానికి ఇంకా రెండు గంటలుందనగా గోడల్లో చప్పుడు ఆగిపోయింది.

"చలువా, ఏమైంది?"

"బావి నిండిపోయిందండి. వేడి దించే చోటు లేదు."

"అదెట్టా? ఎంత ఎండకైనా సరిపోయేట్టు లెక్కేశాగా!"

"ఎండకి సరిపోయేదేనండి. మీరు వాళ్లింటికన్నా ఒక్క డిగ్రీ తక్కువ అడిగారు. నీలవేణి గారు మీ ఇంటికన్నా ఒక్క డిగ్రీ తక్కువ అడిగారు. మీది దించితే వాళ్లది, వాళ్లది దించితే మీది. అట్లా ఏడు డిగ్రీల దాకా దిగొచ్చాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"యంత్రం ఆగిపోతే తప్ప ఒకరింటి సంగతి ఇంకొకరింట్లో చెప్పొద్దని మీరే నియమం పెట్టారు. ఇప్పటికైనా మించిపోలేదండి. ఇద్దరిలో ఒక్కరు ఆ కోరిక వదులుకుంటే చాలు. ఈ పోటీ ఆగి బావి కాస్త తేరుకుంటుంది, వాళ్లు వచ్చేసరికి నడిపిస్తాను."

"వదులుకో హైమా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు ప్రభాకరం.

హైమవతి కిటికీ వైపు చూసింది. నీలవేణి కూడా ఇటే చూస్తోంది.

"ముందు ఆవిణ్ణి వదులుకోమను."

"ఆవిడా ఇదే మాటన్నారండి."

బృందం వచ్చింది, మౌనంగా ఉన్న గోడలను తట్టి చూసింది, వెళ్లిపోయింది. రాష్ట్రంలో ఇంకో బావి తవ్వలేదు.

సాయంత్రానికి ఎండంతా ఇంట్లోకి వచ్చేసింది. రగ్గులు మూలన పడ్డాయి. ప్రభాకరం బనీను పిండుకుంటున్నాడు.

"చలువా," అంది హైమవతి మెల్లగా, "మనింట్లో ఎంతుంది?"

"నలభై ఒకటండి."

"వాళ్లింట్లో?"

"నలభై రెండు."

ఆ పూట హైమవతికి అన్నం సయించింది.