పోయిన అర్ధగంట

షారోన్ వచ్చి బ్యాటరీ షాపు కౌంటర్ మీద కోడిగుడ్డు పెట్టేసరికి సాయిచంద్ అది దొర్లి పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

మెట్‌పల్లిలో ఇన్వర్టర్లు బాగుచేసేవాడి దగ్గరికి రకరకాల పంచాయితీలు వస్తాయి. వాసనొస్తోందని ఒకరు, కుయ్యికుయ్యిమంటోందని ఒకరు. గుడ్డు పట్టుకొచ్చిన మనిషి మాత్రం ఇదే మొదలు. పైగా వచ్చింది ఎవరు? రెండేళ్లుగా ఎవరి ఫోన్ మోగితే పాన పక్కన పడేసి పరుగెత్తుతున్నాడో, ఆ ఖానాపూర్ షారోన్!

"గీ గుడ్డుకు నువ్వే జవాబు చెప్పాలె, అన్నా" అంది.

అన్నా! చచ్చేది అక్కడే. ఆ ఒక్క మాటకు సాయిచంద్ చార్జింగ్ పది శాతం పడిపోతుంది.

సంగతేమిటంటే, షారోన్ ఇంటి వెనక గదిలో గుడ్లు పొదిగే మిషన్ పెట్టింది. కరెంటు పోయినా ఐదు గంటలు నడుస్తుందని బ్యాటరీ ఇస్తూ సాయిచంద్ మాటిచ్చాడు. ఈ పిల్ల ఆరాటం కొద్దీ, అతనికి చెప్పకుండానే రెండో మిషన్ కూడా తగిలించింది. నిన్న కరెంటు రెండున్నర గంటలు పోయింది. బ్యాటరీ రెండు గంటలకే చేతులెత్తేసింది. గుడ్లు చల్లబడ్డాయి. చెవి దగ్గర పెట్టుకున్నా ఈ గుడ్డులో చప్పుడే లేదట.

"ఒక మిషన్‌కు ఐదు గంటలైతే రెండింటికి రెండున్నర. గా మాత్రం లెక్క నాకు రాదా? మిగిలిన అర్ధగంట ఎటు పోయింది?"

లెక్క తప్పు కాదు. పెద్ద చిక్కు అదే. ఆమె మిగతాది గొంతు తగ్గించి చెప్పింది. ఈసారి గుడ్లలోంచి కోడిపిల్లలు రాకపోతే బాపు యెషయా తనను హైదరాబాద్‌లో మేనత్త దగ్గరికి పంపించేస్తాడట. అక్కడ ఆస్పత్రిలో ఉద్యోగం కూడా మాట్లాడి పెట్టారట. గుడ్లు పగలాల్సింది రేపు. లైన్ల పనికి మూడు గంటలు కరెంటు తీసేదీ రేపే.

షారోన్ హైదరాబాద్ పోతే ఇక సాయిచంద్ ఖానాపూర్ దారి పట్టేది ఎందుకు?

అతని బాపు దశరథం మరమగ్గం నడుపుతాడు. సాయిచంద్‌కు వచ్చిన భాష కూడా అదే.

"మగ్గం జోరు పెంచితే దారం తెగుతది. కండెల చుట్టిన నూలు మొత్తం బట్టయి రాదు. బ్యాటరీ గూడ గట్లనే. మెల్లగ తీసుకుంటే మొత్తం ఇస్తది, జోరుగ గుంజితే కొంత లోపల్నే ఆగిపోతది. రేపు ఇంకో బ్యాటరీ తెచ్చి పక్కన పెడ్త. చెరి సగం మోస్తయి. అప్పుడు రెండు మిషన్లు ఐదు గంటలు నడుస్తయి."

చెరి సగం అనగానే షారోన్ అతని వైపు ఒక క్షణం ఎక్కువే చూసింది. ఇంట్లో ఉన్న బ్యాటరీని ఫుల్ స్పీడ్‌లో చార్జింగ్ పెడతానంది. వద్దే వద్దన్నాడు. తొందరపెడితే వేడెక్కి పాడవుతుంది, నింపడం కూడా నిదానంగానే, తెల్లారేదాకా పెట్టమన్నాడు.

"నీయి అన్నీ మెల్లగనేనా, అన్నా?" అనేసి వెళ్లిపోయింది. ఇంకో పది శాతం పోయింది.

గుడ్డును మాత్రం మరిచిపోయింది. పారేయడానికి సాయిచంద్‌కు చేతులు రాలేదు. మగ్గం దగ్గరి నూలు చెత్తలో చుట్టి, వెచ్చగా ఉండే పాత చార్జర్ మీద పెట్టాడు.

మర్నాడు బ్యాటరీ బండి మీద, గుడ్డు చొక్కా జేబులో పెట్టుకుని ఖానాపూర్ చేరాడు. పదింటికి కరెంటు పోయింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని యెషయా కూర్చున్నాడు. రెండు గంటలు గడిచాయి. మూడూ గడిచాయి. కరెంటు రాలేదు. నాలుగో గంట నిండినా మిషన్ల లైటు వెలుగుతూనే ఉంది. లోపల ఒక గుడ్డు పెంకు చిట్లింది, వెనకే ఇంకోటి.

అప్పుడే సాయిచంద్ జేబులో ఏదో కదిలింది. అదిరిపడి తీసి చూస్తే, షారోన్ చచ్చిందనుకున్న గుడ్డుకు చిన్న కన్నం. అందులోంచి ముక్కు.

షారోన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బతికే ఉన్నది, సాయీ."

సాయిచంద్ ఆగిపోయాడు. తాను విన్నది నిజమేనా? పేరు వెనక 'అన్నా' ఏది?

ఫ్యాను గిర్రున తిరిగింది. కరెంటు వచ్చింది. అతను పాన సర్దుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నా అర్ధగంట నాకింకా వాపస్ రాలే. కూసో."

"అర్ధగంట ఏం సరిపోతది? అన్నం తిని పోనీ" అన్నాడు గుమ్మంలోంచి యెషయా. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "రెండేండ్ల సంది అన్నా అన్నా అని నాకు భయపడే అంటున్నవ్ గదా బిడ్డా? నాకు ఎరుకే. ఇంక ఫికర్ చెయ్యకు. నువ్వు హైదరాబాద్ రావని అత్తకు నేనే చెప్త."

షారోన్ తల దించుకుని వంటింట్లోకి పారిపోయింది. సాయిచంద్ పాన పక్కన పెట్టి కూర్చున్నాడు. అతని అరచేతిలోని గుడ్డులోంచి పిల్ల కియ్యిమంది.