అభ్యంతరం లేకపోతే

“బటన్ రంగు మార్చడానికి మూడు వారాలా అండీ!”

అమీర్‌పేట మెట్రోలో నేను ఫోన్ల మా కంపెనీ యాప్ ముచ్చట చెప్తుంటే విని, పక్కన నిలబడ్డ అమ్మాయి అన్న మాట అది. మస్తు కోపమొచ్చింది. తిరిగి చూసిన. అబ్బ, ఆ కళ్లల్ల నవ్వు! కోపం ఎటు పోయిందో ఇప్పటిదాంక దొరకలే.

పేరు హైందవి. సొంతూరు కాకినాడ, ఉండేది పంజాగుట్ట హాస్టల్ల. ఇద్దరివీ పెద్ద టెక్ కంపెనీలే. మా దాంట్ల ఏది చెయ్యాలన్నా ముందు డాక్యుమెంట్ రాయాలె, పదిమంది కామెంట్లు పెట్టాలె. వాళ్ల దాంట్ల ముందు చేసేస్తరు, తప్పొస్తే సాయంత్రం దిద్దుకుంటరు.

“కాఫీ తాగడానికి కూడా రివ్యూ పెట్టుకుంటారా మహిపాల్ గారూ?”

“మీ ఆఫీసుల పాలు కాగకముందే చాయ్ పోస్తరా?”

ఇట్ల కొట్లాడుకుంటనే ఆ వానాకాలం గడిచింది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషనే. మేం మాత్రం ట్రైన్ వదిలేసి, తడుసుకుంట నడిచేటోళ్లం. సిగ్నల్ లైట్లు రోడ్డు మీది నీళ్లల్ల ఎర్రగ, పచ్చగ కరుగుతుంటే, ఆమె చున్నీ పిండుకుంట ఏదో చెప్తుండేది. నాకు సగం వినపడకపోయేది. ఆ పంజాగుట్ట జర దూరం జరిగితే బాగుండనిపించేది.

మొకం మీద చెప్పే ధైర్యం లేదు. అందుకే నాకొచ్చిన పనే చేసిన. రెండు పేజీల డాక్యుమెంట్. ఉద్దేశం: హైందవిని పెళ్లి చేసుకునుడు. రిస్కులు: మా అమ్మ వేసే కారం, మీ నాన్నగారి కోపం. పంపిన. ఆమె తెరిచి చదివినట్టు నా ఫోన్ల కనిపించింది. కామెంట్ ఒక్కటి లేదు.

తెల్లారి మెసేజ్ వచ్చింది. “ఊరెళ్తున్నా, వారం రోజులు.”

అంతే. మా దాంట్ల ఎవరూ ‘సరే’ అని రాయలేదంటే ఆ పని లేనట్టే. వారమంతా ఫోన్ సుత చెయ్యలే. మేనేజర్ బెంగళూరు ట్రాన్స్‌ఫర్‌కి పోతవా అని అడిగితే, సోమవారం సాయంత్రంలోపు చెప్తనన్న.

ఆ సోమవారం పొద్దున్నే మెట్రో ప్లాట్‌ఫారం మీద ఎదురుపడ్డది.

“బెంగళూరు పోతున్న,” అన్న.

“పోవడమేంటి? ఆదివారం మా నాన్నగారు మీ ఇంటికొస్తున్నారు!”

“ఎందుకు?”

“ఎందుకేంటండీ! మీ రెండు పేజీలూ చదివి వినిపించి ఆయన్ని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.”

“మరి నాకేం చెప్పలే కద!”

“అభ్యంతరం ఉంటే చెప్తాను. లేదు కాబట్టి పని మొదలెట్టేశాను. మా టీంలో అందరం అంతే!”

“మా దాంట్ల మాట్లాడకపోతే వద్దన్నట్టే, తల్లీ! వారం నుంచి అన్నం సయిస్తలే.”

ఆమె కళ్లు తడిసినయి. “అయ్యో, నేను వారమంతా పెళ్లి చీరలు చూస్తున్నాను,” అంది, నవ్వుకుంట, ఏడుసుకుంట. “ఇప్పుడు ‘సరే’ అని రాయమంటారా?”

“రాయొద్దు. నోటితోని చెప్పు.”

అన్ని పనులు చిటికెల చేసే పిల్ల, బ్యాగు పట్టీ మెలిపెట్టుకుంట రెండు ట్రైన్లు పోనిచ్చింది. మూడోది వస్తుంటే పెదవులు కదిలినయి.

“ఏంది? వినపడలే!”

“మీరంటే నాకు ప్రాణం!” అని గట్టిగ అరిచింది.

అప్పటికే ట్రైన్ ఆగింది. తలుపులు తెరుచుకున్నయి. లోపలున్నోళ్లంత విన్నరు. నాకు మాత్రం ఇంకోసారి వినాలనిపించింది.