వాలు మీద ట్యాంకు

"విదేశీ ముఠా కోసం ఎవరో దెబ్బతిన్న ట్యాంకులను ఫిట్ అని రాసి పంపేస్తున్నారు. సాయంత్రంలోగా పట్టుకో," అన్నాడు చీఫ్. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఈ రోజు పరీక్షకు వచ్చే ట్యాంకు నడిపేది నీ తమ్ముడే అని చెప్పాడు. ఏజెంట్ వెంటనే బయల్దేరాడు.

తెల్లగడ్డం, నూనె మరకల ఓవరాల్, బొత్తాంలో ట్యాంకు వైర్‌లెస్‌కు కలిసే మైక్. ముసలి మెకానిక్ వేషంలో ట్యాంకుల రిపేరు యార్డులో దిగాడు. ఫిరంగి షెల్ తగిలిన ట్యాంకు ఎంత వేగంగా పోగలదు, పైన ఫిరంగి ఉన్న టరెట్ తిరుగుతుందా, బ్రేకు పడుతుందా, అన్నీ తేల్చే ఇన్‌స్పెక్టర్ ఒక అందగత్తె. అందరూ డాక్టరమ్మ అంటారు. తమ్ముడి ట్యాంకుకు సొట్ట తప్ప ఏ జబ్బూ లేదని అప్పటికే తేల్చేసింది.

ఇక మిగిలింది వాలు పరీక్ష. ట్యాంకు ఎత్తెక్కి, సగంలో బ్రేకు వేసి ఆగాలి. పాస్ చేసిన ఇన్‌స్పెక్టరే దాని వెనక నిలబడాలి. అది ఆ యార్డు ఆచారం. తప్పు రాస్తే ముందు పోయేది రాసినవాళ్ల ప్రాణమే మరి! పైగా ఆ పూట షెల్స్ నింపిన లారీలు వాలు అడుగున నిలిచి ఉన్నాయి. ఎవరు ఆపమన్నారని ఏజెంట్ అడిగితే, డాక్టరమ్మే ఆపమందని లారీ డ్రైవర్లు చెప్పారు.

ట్యాంకు ఎక్కుతోంది. ఆమె నవ్వుతూ వెనకే నడుస్తోంది. అనవసరంగా అనుమానించానా అనుకున్నాడు ఏజెంట్. అంతలో ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని పక్కకు తప్పుకుంది. ఫోన్ మోగనే లేదు.

ట్యాంకు ఆగబోయి వెనక్కి జారింది.

"ఒరేయ్, గేరు తియ్యకు. ఎడమ గట్టుకు తిప్పు," అన్నాడు మైక్‌లో.

వైర్‌లెస్‌లో ఎవరు మాట్లాడినా కోడ్ అడగాలి. తమ్ముడు అడగలేదు. చిన్నప్పటి నుంచీ తిట్లు తిన్న గొంతు అది. ట్యాంకు గిర్రున తిరిగి మట్టిగట్టును గుద్దుకుంది. లారీకి మూరెడు దూరంలో ఆగింది.

డాక్టరమ్మ లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టల్. పేలేలోపు ఏజెంట్ ఆమె మణికట్టు మెలిపెట్టాడు.

"ఇక్కడి ఉప్పు తింటూ విదేశీ ముఠాకు ఊడిగమా?"

"ఇద్దరూ జీతం బాగానే ఇచ్చారు," అందామె చల్లగా. గార్డులు ఆమెను లాక్కెళ్లారు.

తమ్ముడు ట్యాంకు పైనున్న హ్యాచ్ మూత తెరిచి తల బయటపెట్టాడు. బతికున్నాడు! ఏజెంట్ కళ్లనీళ్లకు జిగురు వదిలి గడ్డం ఊడొచ్చింది.

"డ్యామేజీ ఎంతరా?" అన్నాడు, ఊడిన గడ్డం జేబులో కుక్కుకుంటూ.

"బ్రేకు పోయింది, మిగతాదంతా బాగానే ఉందన్నయ్యా. నా మోకాళ్లే అన్‌ఫిట్. కాస్త దించు."