గాలికి రెండు వేళ్ల సందు

“ఇది గాలిని ఆపే గ్లాసా, పిలిచే గ్లాసా?”

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, బైక్ సామాన్ల షాపు ముందు పాత బుల్లెట్ ఆపి ఒక అబ్బాయి అరుస్తున్నాడు. కౌంటర్ దగ్గర బిల్లులు రాస్తున్న సౌజన్య తలెత్తి చూసింది. నిన్న ఆ బండికి పెద్ద విండ్‌షీల్డ్ బిగించింది తనే.

“మెల్లగ సార్. గ్లాసుకు చెవులు లేవు.”

“మీకున్నాయిగా!”

“ఉన్నయి గనుకనే మెల్లగ అంటున్న.”

షాపు ఓనరు భిక్షపతి లోపలి నుంచి కిసుక్కున నవ్వాడు.

అబ్బాయి పేరు వంశీకృష్ణ. దగ్గర్లోనే ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది, క్లాసులు లేవు.

“నాకు బానే ఉందండి. వెనక కూర్చునే మా అమ్మకే ఇబ్బంది. చెవికి ఆపరేషన్ అయింది. గాలి హోరు తగిలితే కళ్లు తిరుగుతాయి. నిన్న హయత్‌నగర్ దాకా వెళ్లొచ్చేసరికి దిగి రోడ్డు మీదే కూర్చుండిపోయింది. ఇక మా అమ్మమ్మ వాళ్ల జగ్గయ్యపేట దాకా ఎలా వెళ్తుంది?”

“బస్ల...” అనబోయి సౌజన్య తనే ఆగిపోయింది. బస్సులెక్కడివి? తన నాయన లింగస్వామి ఆర్టీసీ డ్రైవరు. ఆర్టీసీ కూడా సమ్మెలో చేరడంతో పదిహేను రోజులుగా స్టీరింగు వదిలి ఎల్బీ నగర్లో సమ్మె టెంటు కింద కూర్చుంటున్నాడు.

“బస్సులున్నా లాభం లేదులెండి. మా అమ్మకి బస్సు పడదు, కారు పడదు. ఎల్బీ నగర్ దాటకముందే మా దగ్గర వాంతి కవర్లు అయిపోతాయి. రైలొక్కటే దిక్కు. అది కూడా ఎప్పుడు నడుస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలీదు.”

సౌజన్య బిల్లు పుస్తకం మూసి స్పానర్ అందుకుంది.

వారం రోజులు ఆ గ్లాసుతోనే గడిచింది. పొద్దున ఒక అంగుళం పైకి జరిపేది. సాయంత్రం వచ్చి లాభం లేదనేవాడు. కిందికి జరిపేది. ఇంకా అధ్వాన్నం అనేవాడు. మధ్యలో టీ. మధ్యలో వాన.

“మీరేం చదివారు?”

“మా ఊరి బళ్లె పదో తరగతి. నల్లగొండల డిగ్రీ.”

“ఫిజిక్సా?”

“తెలుగు.”

“అదీ సంగతి! గ్లాసు కవిత్వం చెబుతోంది గానీ పని చెయ్యట్లేదు.”

“లెక్కల సారు గద, మీరే చెప్పుండ్రి గాలి ఎట్ల పోతదో.”

“నాకు పరీక్షలో వచ్చే గాలి ఒక్కటే తెలుసండి.”

నవ్వు ఆపుకోవడానికి ఆమె బోల్టు వైపు తిరిగేది. ఆ బోల్టు అప్పటికే బిగిసి ఉండేది.

ఒకరోజు వాన పట్టుకుంది. షాపు రేకు కింద ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. వాన ఆగిందని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ముందు ఎవరూ అనలేదు.

“ఏమ్మా సౌజన్యా,” అన్నాడు భిక్షపతి లోపలి నుంచి. “వాన బందై అర్ధగంటాయె. గొడుగు దెమ్మంటవా?”

“ఊకో కాకా!”

ఆదివారం నాడు మాత్రం వంశీ టీ తాగకుండా నిలబడ్డాడు.

“మా సెంటర్ వాళ్లు విజయవాడలో బ్రాంచి పెడుతున్నారు. అమ్మని అమ్మమ్మ దగ్గర దించి, నేను వెళ్లి అక్కడ చేరాలి. ఇక్కడి ఇల్లు ఖాళీ చేసేస్తాం.”

“ఎప్పుడు?”

“మీ గ్లాసు కుదిరిన రోజు.”

నవ్వుతూనే అన్నాడు. ఆమె నవ్వలేదని గమనించి, అతనూ ఆపేశాడు.

మర్నాడు వాళ్లమ్మ ఇందిరాదేవి స్వయంగా వచ్చింది. సన్నటి మనిషి. చెవుల మీదుగా శాలువా చుట్టుకుని ఉంది.

“నువ్వేనా అమ్మాయ్? మావాడు టిఫిన్ కూడా మానేసి పరిగెత్తుకొచ్చే షాపు ఇదేనా?”

“అమ్మా!”

“గ్లాసు కోసమేలేరా. నేనేమన్నాను?”

సౌజన్య భిక్షపతి స్కూటీ తీసుకుని వాళ్ల వెనకాలే బయల్దేరింది. ఎల్బీ నగర్ చౌరస్తా దాటి, వనస్థలిపురం దాటి, విజయవాడ రోడ్డు ఖాళీ అయ్యాక వంశీ వేగం పెంచాడు. ఆమె ఇందిరాదేవి శాలువానే చూస్తోంది.

శాలువా కొస వెనక్కి ఎగరాలి. కానీ అది ముందుకు ఎగిరి కొడుకు భుజం మీద టపటపా కొట్టుకుంటోంది.

చిన్నప్పుడు నాయన నడిపే బస్సులో చివరి సీట్లో కూర్చున్నప్పుడు ఆమె ఇది చూసింది. బస్సు ముందుకు పోతుంటే వెనక లేచిన దుమ్ము వెంటపడి వచ్చి, వెనక కిటికీలోంచి లోపలికే దూరేది. పెద్ద గ్లాసు వెనకా అదే జరుగుతోంది. ముందు గాలి మొత్తం ఆగిపోయేసరికి గ్లాసు వెనక వెలితి ఏర్పడుతోంది. ఆ వెలితిని నింపడానికి గాలి వెనక నుంచి చుట్టుకొచ్చి ఆ తల్లి చెవి మీద పడుతోంది. గ్లాసును ఎత్తు పెంచినా తగ్గించినా ఉపయోగం లేదు. కింద రెండు వేళ్ల సందు వదిలి, పై అంచును కాస్త వెనక్కి వాల్చాలి. కొంచెం గాలిని రానిస్తే తక్కిన గాలి నెమ్మదిస్తుంది.

పది నిమిషాల పని.

వంశీ బండి ఆపాడు. ఇందిరాదేవి కళ్లు మూసుకుని కొడుకు చెయ్యి పట్టుకుంది.

“ఏమైనా తెలిసిందాండీ?”

సౌజన్య స్కూటీ హ్యాండిల్ వైపు చూసింది.

“ఇంకా పొడుగు షీటు కావాలె. సమ్మె గద, మాల్ వస్తలేదు.”

“ఎన్ని రోజులు పడుతుంది?”

“చెప్పలేం.”

“అయ్యో,” అన్నాడు వంశీ. ఆ అయ్యోలో ఎంత సంతోషముందో దాచుకోవడం అతనికి చేతకాలేదు.

ఆ తర్వాతి నాలుగు రోజులంత బాగా ఆమెకు ఏ రోజులూ గడవలేదు. అతను రోజూ వచ్చేవాడు. షీటు సంగతి అడగడం ఒక్కోసారి మరిచిపోయేవాడు కూడా. ఆమె మాత్రం ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే శాలువా కొస గుర్తొచ్చేది. సమ్మె అయినంక రైలెక్కి పోతరు, ఏమైతది, అని తనకు తానే చెప్పుకునేది.

శుక్రవారం మధ్యాహ్నం ఇందిరాదేవి ఒక్కతే ఆటోలో వచ్చింది. చేతిలో సున్నుండల డబ్బా.

“తిను తల్లీ. నా కోసం ఇంత తిప్పలు పడుతున్నావు.”

సౌజన్య డబ్బా అందుకుంది. మూత తియ్యలేదు.

“ఒక్కమాట. మావాడికి చెప్పకు, కంగారుపడతాడు. మా అమ్మకి నలతగా ఉంది. మొన్నటి దాకా నా పేరు పెట్టి అడిగేదట. నిన్న ఫోన్లో నా గొంతు గుర్తుపట్టలేదమ్మా. ఎవరమ్మా నువ్వు, అంది. ఆ షీటేదో తొందరగా తెప్పించవూ?”

“బండి ఎక్కడుంది ఆంటీ?”

“ఇంట్లోనే.”

సౌజన్య అప్పుడే వంశీకి ఫోన్ చేసింది. అతను వచ్చాక నాలుగు బోల్టులు వదులు చేసి, కింద వాషర్లు పెట్టి, రెండు వేళ్లు దూర్చి సందు చూసుకుంది. పై అంచును వెనక్కి వాల్చి బిగించింది. తల్లీకొడుకులు హయత్‌నగర్ దాకా వెళ్లొచ్చారు.

“శాలువా కదల్లేదు అమ్మాయ్! హాయిగా ఉంది!” ఇందిరాదేవి బండి దిగుతూనే ఆమె బుగ్గలు రెండూ పుణికింది.

“ఇంత చిన్న పనా? షీటు లేకుండానే చేసేశారే!” వంశీ ఆమెను కొత్తగా చూస్తున్నాడు. “మేధావండీ మీరు!”

“ఇప్పుడే తట్టింది,” అంది సౌజన్య.

శనివారం తెల్లవారుతూనే వాళ్లు బయల్దేరారు. మధ్యాహ్నం వంశీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. తాము నార్కట్‌పల్లి దగ్గర టీ తాగుతున్న వేళకే అమ్మమ్మ పోయిందట. దహనానికి అందుకున్నారట.

సౌజన్య ఆ మెసేజ్‌కు జవాబు రాయడం మొదలుపెట్టి, చెరిపేసి, మళ్లీ మొదలుపెట్టింది. చివరకు ఏదీ పంపలేదు.

పది రోజులకు సమ్మె ముగిసింది. లింగస్వామి మళ్లీ డ్యూటీ ఎక్కాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం షాపు ముందు బుల్లెట్ ఆగింది. వంశీ గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి.

“సామాన్లు సర్దడానికి వచ్చాను,” అన్నాడు. “అది సగం నిజం. అమ్మ పంపింది.”

భిక్షపతి ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయాడు.

“ఆ పిల్లే లేకపోతే మా అమ్మ ముఖం కట్టె మీద కూడా చూసేదాన్ని కాదు అంటోంది, వచ్చినవాళ్లందరితో. నిన్న నన్ను పిలిచి... ఆ అమ్మాయి మనింటికి వస్తుందేమో అడగరా, అంది. మనం ఆంధ్రావాళ్లం, వాళ్ల నాన్న టెంట్లో కూర్చున్న మనిషి, ఒప్పుకుంటారా అన్నాను. ముందు పిల్లనడుగు, ఆయనతో నేనొచ్చి మాట్లాడతా అంది.” అతను ఊపిరి తీసుకున్నాడు. “అమ్మ అడగమన్నది సరే. నేను కూడా అడుగుతున్నాను.”

ఆ మాట కోసం ఆమె ఎన్ని సాయంత్రాలు బిగిసిన బోల్టులనే మళ్లీ బిగించింది! ఊ అంటే చాలు.

“మీకు తెల్వాల్సింది ఒకటున్నది,” అంది. “షీటు మాట అబద్ధం. మీ ఎనక వచ్చిన రోజే నాకు తెలిసింది, గ్లాసు ఎట్ల సర్దాల్నో.”

“ఏ రోజు?”

“సోమవారం.”

అతను లెక్కల మాస్టారు. అయినా ఆ కాస్త లెక్కకు చాలాసేపు పట్టింది.

“బుధవారం దాకా అమ్మమ్మ లేచి కూర్చుందట,” అన్నాడు చివరికి. “ఇందిర బయల్దేరిందా, బయల్దేరిందా అని అడిగిందట.”

సౌజన్య చూపు గ్లాసు కింది సందు మీదికి పోయింది.

“ఎందుకు చెప్పలేదు?”

“గ్లాసు కుదిరితే మీరు పోతరు గద.”

సందులో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. వంశీ పక్కకు కూడా జరగలేదు.

“ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్పారు? చెప్పకపోతే ఎవరికి తెలిసేది?”

“మీ అమ్మ దినాం నన్ను మెచ్చుకుంటుంటే, నేను ఆ ఇంట్ల బువ్వ ఎట్ల తింట?”

అతని కళ్లు ఎర్రబడ్డాయి. కోపమో దుఃఖమో ఆమెకు తెలియలేదు. అతనికి కూడా తెలిసినట్టు లేదు. ఏదో అనబోతుంటే జేబులో ఫోన్ మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలి గొంతులోని ఆత్రం సౌజన్యకు కూడా వినిపించింది.

“ఆఁ, అమ్మా...” అతను సౌజన్య ముఖంలోకే చూస్తున్నాడు. “లేదమ్మా, అడగలేదు. షాపు మూసుంది. ఆ అమ్మాయి కనబడలేదు.”

కాసేపు విన్నాడు.

“రేపు కూడా తియ్యరట. పక్కవాళ్లు చెప్పారు. నువ్వు పడుకో అమ్మా.”

ఫోన్ జేబులో పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు.

సౌజన్య అతనికి మూడడుగుల దూరంలో ఉంది. కనబడని మనిషి కదలకూడదన్నట్టు, బుల్లెట్ చప్పుడు మెయిన్ రోడ్డు చప్పుళ్లలో కలిసిపోయేదాకా అక్కడే నిలబడి ఉంది.