ముగ్గురూ ఒక్క మనసుతో

ఆ ఇంట్లో ముందుగదే కుట్టుకొట్టు. గోడవారగా మిషను, మూల ఇస్త్రీపెట్టె, నడుమ గుడ్డలు కత్తిరించే పొడవాటి బల్ల. మామూలు రోజుల్లో బల్ల నిండా సుద్ద గీతలూ పీలికలూ ఉండేవి. ఆ మధ్యాహ్నం దాని మీద దర్జీ ఆవిడ మొగుడు ఉన్నాడు.

భవనాలకు రంగులు వేసే మనిషి. పొద్దున పరంజా విరిగి కిందపడ్డాడు. ఆసుపత్రిలో ప్రాణం లేదని పెదవి విరిచి పంపేశారు. ఆమే ఒళ్ళంతా తుడిచింది. గోళ్ళలోంచి టర్పెంటైను వాసన మాత్రం ఎంతకీ వదల్లేదు. ఎవరి చొక్కాలకో తెచ్చిన తెల్లగుడ్డ తీసి మొహం మీదుగా కప్పింది.

కాసేపటికి బావగారు వచ్చాడు, తల్లిని చెయ్యి పట్టి నడిపించుకుంటూ. ఆయన పాస్టరు. పలకరింపు లేదు, ఓదార్పు లేదు. ఇరుగుపొరుగు వాళ్ళని బయటికి పంపి తలుపు మూశాడు.

"శవపెట్టె తెచ్చేవాణ్ణి వద్దని చెప్పేశాను. తమ్ముడు లేస్తాడు. దేవుడు నాకు చెప్పాడు."

ఆ నోటివెంట "ఏమో" అన్న మాట విన్నవాళ్ళు లేరు. రోగి కోలుకుంటే అది ఆయన ప్రార్థన. పోతే రోగి అపనమ్మకం. ఎటు తిరిగీ ఆయన ఓడిపోయేది లేదు. ఒకసారి ఈమె నిండు సంఘంలో లేచి, "మరి పసిపిల్ల పోతే అది ఎవరి అపనమ్మకమండీ?" అని అడిగింది. అప్పట్నుంచి ఆయనకి ఈమె మొహం చూస్తే ఒళ్ళుమంట. అలాగని ఈమె ప్రార్థన మానలేదు. "ఉన్నావో లేవో తెలీదు. ఉంటే విను," అని మొదలుపెట్టేది. దేవుడికే షరతులా అని మొగుడు నవ్వేవాడు.

"ముగ్గురం ఒక్క మనసుతో అడగాలి. అంతే," అన్నాడు పాస్టరు.

మోకరించారు. బయట వాన పట్టింది. పట్టపగలే గది మసకబారింది. ఆయన పిలుస్తూనే ఉన్నాడు... లే తమ్ముడూ, లే... గొంతు బొంగురుపోయింది. బల్ల మీద మనిషి కదల్లేదు.

పాస్టరు గిర్రున ఈమె వైపు తిరిగాడు.

"ఇక్కడ అడ్డం ఏంటో తెలుసా? నువ్వు!"

"బావగారూ, ఆయన్ని ప్రశాంతంగా పోనివ్వండి."

"పోనివ్వను! నోటితో ఆమెన్ అంటావు, లోపల వెక్కిరిస్తావు. వాడు లేవకపోతే చంపింది పరంజా కాదు, నువ్వే."

అత్త మోకాళ్ళ మీదే జరిగి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నీకు దండం పెడతాను తల్లీ. ఒక్క నిమిషం... ఒక్క నిమిషం నమ్మవే."

ఆ ముసలి ప్రాణం అలా బతిమాలుతుంటే ఆమె తట్టుకోలేకపోయింది. కళ్ళు మూసుకుంది. పొద్దున ఆయన ఒంటిమీదే చొక్కా గుండీ కుట్టింది. సూది గుచ్చుకుంటుందని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "అయిందా? ఇంక వదలొచ్చా?" అని నవ్వాడు. అలాంటి మనిషి ఎందుకు రాడు? వస్తాడు. లేస్తాడు...

ఆ క్షణం ఆమె నిజంగానే నమ్మింది.

సర్రుమంది ఏదో.

కళ్ళు తెరిచింది. మొహం మీది గుడ్డ నోటిదగ్గర గుంటపడింది. లోపలికి పీల్చుకుంటున్నాడు. ఇంక వదులుతాడని చూసింది. వదల్లేదు. గుడ్డ ఇంకా లోపలికే... ఇంకా లోపలికే...

"లే తమ్ముడూ!" పాస్టరు కేక పెట్టాడు.

చేతులు ఆనించకుండానే లేచి కూర్చుంది ఆ శరీరం. గుడ్డ జారిపోయింది. మొహం ఆయనదే. అత్త "నాన్నా!" అంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నదల్లా మెల్లిగా వదిలేసింది.

"ఇది..." చెయ్యి చీరకి తుడుచుకుంది ఆవిడ. "ఇది నా కొడుకు చెయ్యి కాదురా."

టర్పెంటైను వాసన పోయింది. ఏళ్ళ తరబడి మూసి ఉన్న నుయ్యి తెరిచినట్టు చెమ్మ వాసన. తల పాస్టరు వైపు తిరిగింది. పెదవులు ముందు కదిలాయి. మాట తర్వాత వచ్చింది.

"మళ్ళీ పిలు..."

పాస్టరు లేచి గోడదాకా వెనక్కి నడిచాడు.

"ఇంకా ఉన్నాం... బయట. అందర్నీ పిలు..."

ఆమె లేచి నిలబడింది.

"నేను నమ్మను," అంది. ఆ కళ్ళు ఆమె మీదికి వచ్చాయి. "నువ్వు నా మొగుడివి కాదు. ఆయన పోయాడు. నమ్మను... నేను నమ్మను!"

శవం వెనక్కి పడి, తల ఠపీమని బల్లకి కొట్టుకుంది. ఇంక కదలిక లేదు.

పాస్టరు గోడకి జారబడి కూర్చున్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఈమె వైపు చూశాడు.

"అమ్మా... నేను ఎవర్ని పిలిచాను?"

"ఏమో బావగారూ."

"అసలు... దేవుడు నాకు చెప్పాడంటావా? ఎవరైనా వింటున్నారంటావా?"

ఆయన ఒకర్ని ప్రశ్న అడగడం ఆమె ఎరగదు. అన్ని మాటలు అన్నా సరే, జాలేసింది. మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"ఉన్నాడో లేడో తెలీకుండానే అడగండి. నేను అలాగే అడుగుతాను."

తల ఊపాడు. తెల్లారేదాకా తమ్ముడి దగ్గర కూర్చుంటానన్నాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. "తప్పు నాది. నన్నొక్కణ్ణే ఉండనివ్వు." ఆమె అత్తని తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కొంతసేపు ఆయన ఏడుపు వినిపించింది. తర్వాత ఏదో అడుగుతున్నట్టు గొణుగుడు. తర్వాత నిశ్శబ్దం. మధ్యమధ్యలో ఎవరో చెబుతుంటే వింటున్నట్టు, "అలాగా...? అలాగా...?"

పొద్దున గడియ తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. పెట్టె కూడా తెప్పించేశాడు.

"ఇప్పుడు నాకు ఏ అనుమానమూ లేదమ్మా," అన్నాడు చిరునవ్వుతో.

శ్మశానంలో ఎముకలు కొరికే చలి. మట్టి కప్పుతుంటే అందరూ పాట అందుకున్నారు. ప్రతి నోటి ముందూ తెల్లటి ఆవిరి. అత్త నోటి ముందు, గొయ్యి తవ్వినవాడి నోటి ముందు కూడా. పాస్టరు అందరికంటే పెద్ద గొంతుతో పాడుతున్నాడు. ఆ నోటి ముందు ఏమీ లేదు.

పాట అయింది.

"రండి. అందరం ఒక్క మనసుతో ప్రార్థిద్దాం."

తలలన్నీ వంగాయి. ఆమె మాత్రం కళ్ళు మూయలేదు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. అయినా అందరి నోళ్ళ ఆవిరీ సన్నటి పోగుల్లా, మెల్లగా... ఆయన నోటివైపే సాగుతోంది.